నాలుగు సెకన్లు ఆగి పలికే గొంతు

లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ గోడ వెనకాల ఒక సందు ఉంది. ఆ సందు చిట్టచివర ఒక పాత బంగళా. దాని గురించి ఎవరిని అడిగినా మంచిమాట చెప్పరు. ఆటోవాళ్లు సందు మొదట్లోనే దింపేసి బండి తిప్పుకుంటారు. పాలవాడు ఆ గేటు ముందు హారన్ కొట్టడు. ఎందుకంటే... అక్కడ చప్పుడు చేయకూడదట. చేస్తే లోపల ఎవరో లేస్తారట.

ఎవరు లేస్తారు? అది మాత్రం ఎవరికీ తెలీదు. తెలిస్తే ఇంత భయం ఎందుకుంటుంది చెప్పండి.

నిజానికి ఆ ఇంటికి చెడ్డపేరు తెచ్చింది దెయ్యం కాదు, టీవీ. ఇరవై ఆరేళ్ల కిందట గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి "గడియ పెట్టిన గది" అని ఒక సీరియల్ వచ్చేది. మొత్తం ఆ బంగళాలోనే తీశారు. కథంటూ పెద్దగా ఏం లేదు. వారానికో కొత్త మనిషి, వానలో తడిసో, బండి చెడిపోయో, ఆ ఇంట్లో తలదాచుకోడానికి వస్తాడు. అర్ధరాత్రి దాటాక గడియ పెట్టిన గది ముందు నిలబడి, "లోపల ఎవరు?" అని అడుగుతాడు.

జవాబు వెంటనే రాదు. ఒకటి... రెండు... మూడు... నాలుగు సెకన్లు. అప్పుడు తలుపు అవతల నుంచి ఒక ఆడగొంతు, గుసగుసగా —

"మెల్లగా... లేస్తుంది."

అంతే. ఎపిసోడ్ అయిపోయేది. ఆ తర్వాత జంటనగరాల్లో సగం ఇళ్లల్లో పిల్లలు బాత్రూమ్‌కి వెళ్లాలంటే అమ్మ తోడు రావాల్సిందే.

ఆ గొంతు ఎవరిదో టైటిల్స్‌లో వేయలేదు. "లోపలి గొంతు" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. బాగా పేరొచ్చిన టైములో, ఇరవై ఆరో వారం తర్వాత, సీరియల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకో చెప్పలేదు. ఆ గొంతు నాదే అంటూ ఇన్నేళ్లలో ఏ ఆర్టిస్టూ ముందుకు రాలేదు. జనం ఊరుకుంటారా? అసలది మనిషి గొంతే కాదు, ఖాళీ గదిలో మైకు పెట్టి వదిలేస్తే దానంతటదే రికార్డయింది, అన్నారు. ఆ మాటే నిలబడిపోయింది.

ఇదిగో, ఇన్నేళ్లకి ఆ సీరియల్‌ని సినిమాగా తీశారు. శుక్రవారం విడుదల. శ్రీలలిత కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

శ్రీలలితకి ముప్పై ఒకటి. కార్ఖానా ఏరియాలో ఒక యూట్యూబ్ ఛానల్‌లో పనిచేస్తుంది. సినిమా విడుదలైతే థియేటర్ బయట మైకు పట్టుకుని నిలబడి, ఎలా ఉందండీ సినిమా అని అడగడం ఆ పిల్ల ఉద్యోగం. ఎంతోమంది ఏడుపులు, తిట్లు, ఈలలు చూసిన మనిషే. కానీ ఆ శుక్రవారం పొద్దుటాట వదిలాక బయటికొచ్చిన జనం మొహాలు చూసి బిత్తరపోయింది. ఇంట్లో ఎవరో పోయినట్టు ఉన్నారందరూ.

ముందు వరసలో హరికిషన్. కార్ఖానాలోనే జెరాక్స్ షాపు, ముప్పై అయిదేళ్లుంటాయి, "గడియ బ్యాచ్" అని ఆ సీరియల్ అభిమానుల గ్రూపుకి పెద్ద. తన షాపులోనే ప్రింట్ తీసిన కాగితాలు అందరి చేతుల్లో పెట్టాడు. కాగితం మీద ఒకటే మాట — "నాలుగు సెకన్లు ఏవి?"

"మేడమ్, గట్ల అడగంగనే గిట్ల జవాబిస్తదా దయ్యం?" అన్నాడు మైకు ముందు కాగితం ఊపుతూ. "మేము స్టాప్‌వాచ్ పెట్టి చూసినం. ఒక్క సెకను సుత ఆగలే. మా చిన్నప్పటి భయం మొత్తం ఖరాబ్ చేసిండ్రు."

సినిమాలో ఆ గొంతుని ఒక పేరున్న హీరోయిన్ చేత చెప్పించారు. పక్కన గంటలు, గాలి, ప్రతిధ్వని. పైగా ఆ చిన్నమాటని సాగదీసి, ఎవరు లేస్తారో కూడా చెప్పేశారు. మూడొందల ఏళ్ల నాటి రాణి ఒకామె గ్రాఫిక్స్‌లో లేచి వస్తుంది. అదీ వాళ్ల బాధ. ఒక బ్యాంకు ఆఫీసరు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, మేం అంత ముచ్చటపడి దాచుకున్న భయాన్ని మాకు తిరిగి ఇచ్చెయ్యమనండి అని కెమెరాలోకి వేలు చూపించి మరీ చెప్పింది.

శ్రీలలిత అందరికీ తలూపింది. కానీ ఎవరైనా ఆ గుసగుసని అనుకరించబోతే మైకు వెనక్కి లాక్కుంది.

ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ సీరియల్ అంటే శ్రీలలితకి చచ్చే భయం. అయిదేళ్ల వయసులో పక్కింటి కిటికీలోంచి ఒకే ఒక్క ఎపిసోడ్ చూసింది. ఆ గుసగుస చెవిన పడగానే కెవ్వుమని పడిపోయి, మూడు రోజులు జ్వరంతో మూలిగింది. దిష్టి తీశారు, దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. ఇప్పటికీ గదిలో లైటు లేకుండా పడుకోలేదు. వీడియో ఎడిట్ చేసేటప్పుడు ఆ క్లిప్ వచ్చిందంటే హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేసి, తెర మీద శబ్దం గీతలు చూసి కట్ చేస్తుంది.

అయితే ఆ భయం పాతది. దాంతో బతకడం అలవాటైపోయింది. ఇప్పుడు ఆమెని తినేస్తున్న దిగులు వేరు, అది ఇంట్లో ఉంది.

చిలకలగూడలో తల్లీ కూతుళ్లిద్దరే. తల్లి వసుధ స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయింది. ఎనిమిది నెలల కింద గొంతులో గడ్డకి ఆపరేషన్ చేశారు. గడ్డ మాటకి సంబంధించిన నరానికి అంటుకుపోయి ఉందని, తీస్తే మాట పోవచ్చని, తీయకపోతే మనిషే దక్కదని డాక్టర్లు ముందే చెప్పారు. సంతకం పెట్టింది శ్రీలలితే. తల్లి ఆ కాగితం వైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నా, పెట్టేసింది.

గడ్డ పోయింది. మాటా పోయింది. అయితే మొత్తం పోలేదు. గుసగుసగా మాట్లాడొచ్చు, రోజూ సాధన చేయించండి, ఏడాదిలోగా అలవాటు కాకపోతే ఆ కాస్త కూడా ఉండదు, అన్నారు. వసుధమ్మ నోరు విప్పితేనా? పిల్లల పలక ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏం కావాలన్నా రాయడమే. శ్రీలలిత బతిమాలింది, ఏడ్చింది, అరిచింది. పలక మీద ఎప్పుడూ ఒకటే జవాబు — "అవసరం లేదు."

ఎనిమిది నెలలు గడిచాయి. మిగిలింది నాలుగు నెలలు. సంతకం పెట్టినందుకు అమ్మ నాకు శిక్ష వేస్తోందని శ్రీలలిత తీర్మానించుకుంది. రాత్రిళ్లు లైటు వేసుకుని పైకప్పు చూస్తూ అదే ఆలోచన. నిద్ర ఎక్కడ పడుతుంది?

ఇలా ఉండగా ఆదివారం ఒక వీడియో వచ్చింది.

సినిమా మీద కోపంతో గడియ బ్యాచ్ వాళ్లు నలుగురు రాత్రిపూట లాలాగూడ బంగళాకి వెళ్లారు. సరదాకి తలుపు తట్టి, లోపల ఎవరు అని అడిగారు. వీడియోలో చీకటి తప్ప ఏం కనపడదు. ఒకటి... రెండు... మూడు... నాలుగు. అప్పుడు లోపలి నుంచి —

"మెల్లగా... లేస్తుంది."

పాత గొంతు. అచ్చంగా అదే. తర్వాత చెప్పులు టపటపలాడుతూ పరుగెత్తే చప్పుడు, ఎవడో అమ్మా అని ఏడవడం. తెల్లారేసరికి లక్షలమంది చూసేశారు. సినిమాకి రాని జనం బంగళాకి రావడం మొదలుపెట్టారు. సోమవారం కూడా పలికింది. మంగళవారం కూడా. ఎవరికీ లోపల ఏముందో చూసే ధైర్యం లేదు. పలికీ పలకగానే పరుగే.

ఆఫీసులో ఇంకేం ఆలోచించలేదు. గురువారం రాత్రి లైవ్ పెడదాం, శ్రీలలితా నువ్వే వెళ్లి తలుపు తట్టు, అన్నారు. వద్దనడానికి కారణం చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి, దెయ్యాల సీరియల్ అంటే నాకు భయం అని ఏ నోటితో చెప్తుంది? సరే అంది.

గురువారం రాత్రి పదింటికి స్కూటీ తాళాలు తీసుకుంటూ, లాలాగూడ బంగళా దగ్గర షూట్ ఉంది, లేటవుతుంది, అని తల్లికి చెప్పింది. వసుధమ్మ చేతిలో బలపం ఆగిపోయింది. కాసేపు కూతురి మొహం చూసింది. గబగబా రాసింది.

"వెళ్లకు."

శ్రీలలితకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఎనిమిది నెలల కోపం. "నోటితో చెప్పు," అంది. "ఒక్కసారి నోటితో వెళ్లొద్దను. ఇక్కడే కూర్చుంటా. ఉద్యోగం పోయినా సరే."

వసుధమ్మ పెదవులు విడివడ్డాయి. గొంతు దగ్గర చర్మం కదిలింది. వచ్చేస్తుందనుకుంది శ్రీలలిత... పెదవులు మళ్లీ మూసుకున్నాయి. తల్లి పలక మీద ఆ మాట కిందే ఇంకో గీత గీసింది, గట్టిగా.

శ్రీలలిత తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

బంగళా ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. వర్క్‌షాప్ గోడ అవతల నుంచి ఇనుము వాసన, అప్పుడప్పుడూ ఇంజన్ కూత. అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు, ఎవరూ చెప్పకపోయినా. హరికిషన్ ఎదురొచ్చి నియమాలు చెప్పాడు. ఒక్కరే పోవాలి. వరండా మెట్ల దగ్గర చెప్పులు విడవాలి. టార్చి వేయకూడదు. మూడుసార్లు తట్టాలి, ఒక్కసారే అడగాలి. మిగిలినవాళ్లు గేటు దగ్గరే ఉంటారు.

శ్రీలలిత ముందుగా వాళ్లందరి రియాక్షన్లు తీసుకుంది. మైకు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. ఎవరు లేస్తారని అనుకుంటున్నారు అని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకడు ఇంటి కోడలు అన్నాడు. ఒకడు నాగుపాము అన్నాడు. మౌలాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం ఆలోచించి, నాకైతే ఆ గొంతులో కోపం ఎప్పుడూ వినపడలేదమ్మా, ఎవరినో కాపలా కాస్తున్నట్టు ఉంటుంది, అన్నాడు. ఆ మాట విన్నాక శ్రీలలిత ఆయన ముందు నుంచి మైకు తీయడం మర్చిపోయింది.

"మేడమ్, టైమ్ అయింది," అన్నాడు హరికిషన్. "పరేషాన్ గాకుర్రి. మేమున్నం."

ఉన్నారు, ఎంత దూరంలో? గేటు దగ్గర.

చెప్పులు విడిచింది. వరండా గచ్చు కాళ్లకి చల్లగా తగిలింది. ఫోన్ మెడలో వేలాడుతోంది, లైవ్ నడుస్తోంది. తలుపు ఎక్కడుందో చేత్తో తడుముకుంది. చెక్క మీద పాత రంగు పెచ్చులు పెచ్చులుగా వేళ్లకి తగులుతోంది. వెనక్కి చూడాలనిపించింది, చూడలేదు. చూస్తే ఇక ముందుకు తిరగలేనని తెలుసు.

తట్టింది. ఒకటి. రెండు. మూడు.

"లోపల... ఎవరు?"

ఏం లేదు. ఎక్కడో రైలు వంతెన దాటుతోంది. శ్రీలలిత లెక్క పెట్టకూడదనుకుంది. మనసు దానంతటదే లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు...

"మెల్లగా... లేస్తుంది."

చెవి పక్కనే. తలుపు మందమే అడ్డం.

వెనకాల గేటు దభేలుమంది. ఇరవై మంది ఒక్కసారిగా సందులో పడి పరుగు తీశారు. అందరికంటే ముందు హరికిషన్. మేమున్నాం అన్న మనిషి చెప్పుల చప్పుడు మెట్టుగూడ దాకా వినపడి ఉంటుంది.

శ్రీలలిత కూడా పరుగెత్తాలనే అనుకుంది. కాళ్లు రాలేదు. అక్కడే, తలుపుకి ఆనుకుని కూలబడిపోయింది. మెడలోని ఫోన్ నేలకి తగిలి ఆరిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. అయిపోయింది కదా, పలకాల్సింది పలికేసింది కదా, ఇక ఊరుకుంటుంది... ఊరుకుంటుంది...

ఊరుకోలేదు.

లోపల ఏదో బట్ట కదిలినట్టు సవ్వడి. మళ్లీ అదే గుసగుస —

"లల్లీ..."

అది శ్రీలలిత ముద్దుపేరు. ఆ పేరు బయట ఎవరికీ తెలీదు. ఇంట్లో తల్లి ఒక్కతే అలా పిలిచేది. ఆపరేషన్ అయ్యాక ఆ పిలుపే లేదు. ఎనిమిది నెలల తర్వాత తనని ఆ పేరుతో పిలుస్తున్నది... గడియ పెట్టిన గదిలోది.

"లల్లీ... ఏం లేదు తల్లీ. పడుకో. నేనిక్కడే ఉన్నా."

తర్వాత ఒక మగగొంతు దగ్గి, అలవాటైన విసుగుతో అంది — "మేడమ్, పాప పడుకుంటే ఇంకో టేక్ చేద్దాం."

టక్‌మని ఏదో నొక్కిన చప్పుడు. అన్నీ ఆగిపోయాయి.

శ్రీలలిత కళ్లు తెరిచింది. టేకా? దెయ్యాలకి టేకులేంటి? భయం పూర్తిగా పోలేదు గానీ దాని మీద ఇంకేదో వచ్చి పడింది. రెండు చేతులతో తలుపు బాదింది. తియ్యండి, ఎవరు లోపల, తియ్యండి, అని గొంతు చించుకుంది.

గొళ్లెం తీశారు. లోపల లైటు వెలిగింది. లుంగీ, బనియను, మెడలో చిన్న శిలువ, డెబ్బై అయిదేళ్ల ముసలాయన. చేతిలో పాత టేప్‌రికార్డర్. ఆమెకన్నా ఆయనే ఎక్కువ బెదిరిపోయి ఉన్నాడు.

ఆయన పేరు జకర్యా. ఆ వర్క్‌షాపులోనే ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ బంగళా ఆయన భార్య క్యారల్ వాళ్ల పుట్టింటివాళ్లది. ఆమె పోయాక వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడు, రాకపోకలు వెనక సందులోంచి. ముందు భాగం కురుస్తుందని మూసి పెట్టాడు. అందుకే జనానికి అది ఖాళీ ఇల్లు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, తప్పంతా తనదే అన్నట్టు చెప్పుకొచ్చాడు.

"సినిమా వచ్చినకాడికెల్లి నిద్ర లేదు బిడ్డా. రోజు రాత్రి తలుపు కొడ్తరు. నాకు బీపీ. సీరియలోళ్లు ఇడిసిపోయిన గీ క్యాసెట్ బీరువాల ఉండె. పెడితే భయపడి పోతరు, మల్ల రారు అనుకున్న. పబ్లిక్ డబులయింది." తల కొట్టుకున్నాడు. "నువ్వు కూడా ఉరికినవనుకున్న. అందుకే ఎంటనే టేపు బంద్ చెయ్యలే."

శ్రీలలితకి ఆ గోడు చెవికెక్కడం లేదు. ఆమె చూపు ఆ టేప్‌రికార్డర్ మీదే ఉంది.

"అందులో నా పేరుంది," అంది.

ముసలాయన మాట ఆపేశాడు. లైటు కిందికి వంగి ఆమె మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వు... టీచరమ్మ బిడ్డవా?"

అప్పుడు చెప్పాడు. సీరియల్ తీసేవాళ్ల దగ్గర స్టూడియోకి వెళ్లే స్తోమత లేదు. ఈ ఇంట్లోనే సామాన్ల గదిలో నాలుగు వైపులా బొంతలు వేలాడదీసి గొంతులు రికార్డు చేసేవారు. అది కూడా రాత్రి, వర్క్‌షాప్ చప్పుడు ఆగాక. దెయ్యానికి రేడియో నాటకాల్లో గొంతిచ్చే ఒక టీచరమ్మని పిలిచారు. భర్త లేడు, ఇంట్లో చూసేవాళ్లు లేరు, అందుకని నిద్రపోతున్న అయిదేళ్ల పిల్లని భుజాన వేసుకుని వచ్చేది. పిల్ల తల్లి ఒళ్లోనే పడుకునేది. కాగితంలో రాసిన మాట వేరే. దెయ్యం పెద్దగా కేక పెట్టి, బయటికి పో అనాలి. సౌండ్ చూసే ఆయన, రెడీయా మేడమ్ అని గట్టిగా అరిచాడు. టీచరమ్మ ఒళ్లోకి వంగి, పిల్ల కదిలిందేమో చూసుకుని, ఆయనకి చెప్పింది — మెల్లగా... లేస్తుంది.

టేపు తిరుగుతూనే ఉంది. డైరెక్టర్ అది విని గంతులేశాడు. ఇదే కావాలన్నాడు. ఆ తర్వాత ప్రతి వారం అదే మాట, అదే తీరు. ప్రతిసారీ ఆమె ముందు ఒళ్లోకి చూసుకునేది, పిల్ల ఊపిరి సరిగ్గా ఉందని చూసి, అప్పుడు చెప్పేది.

"గా నాలుగు సెకన్లు అదే బిడ్డా," అన్నాడు జకర్యా. "వీళ్లు ఏందేందో అనుకుంటున్నరు."

శ్రీలలిత టేప్‌రికార్డర్ మీద చెయ్యి వేసింది. ఎవరు లేస్తారు, ఎవరు లేస్తారు అని ఇన్నేళ్లు ఊరూవాడా తలలు బద్దలు కొట్టుకుంది. రాణీ కాదు, పామూ కాదు. తను.

మరి ఎందుకు మానేసిందని అడిగింది. ముసలాయన అదీ చెప్పాడు. ఒక వారం టీచరమ్మ పిల్ల లేకుండా ఒక్కతే వచ్చిందట. పిల్ల పక్కింట్లో సీరియల్ చూసి జడుసుకుందని, మూడు రోజులు కన్ను తెరవలేదని చెప్పిందట. డైరెక్టర్ ఎంత బతిమాలినా వినలేదు. పేరు ఎక్కడా వేయొద్దని, ఎవరికీ చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకుంది.

"ఎందుకమ్మా అంటే... నేనని తెలిస్తే నా పిల్ల నా పక్కన పడుకోదు అన్నది." జకర్యా కళ్లు తుడుచుకున్నాడు. "మంచిగుందా టీచరమ్మ? మాట్లాడుతదా?"

"మాట్లాడదు. గొంతు పోయింది. గుసగుస వస్తుందన్నారు. అదీ మాట్లాడదు." శ్రీలలిత తల దించుకుంది. "నా మీద కోపం."

జకర్యా టేప్‌రికార్డర్ వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు. నువ్వు ఇంటికి పో బిడ్డా, అన్నాడు.

స్కూటీ ఎలా నడిపిందో ఆమెకే తెలీదు. మెట్టుగూడ, ఆలుగడ్డబావి, స్టేషన్ వెనకాల వీధులు, అన్నీ ఖాళీ. ఒకసారి కోపం వచ్చేది, ఇన్నేళ్లు దాస్తుందా అని. ఇంకోసారి ఏడుపు వచ్చేది. అన్నిటికన్నా సిగ్గుచేటు ఏంటంటే, ఇంకా భయం వేస్తూనే ఉంది. ఆ గొంతు అమ్మదే అని తెలిశాక కూడా ఒళ్లు జలదరిస్తూనే ఉంది. ఇరవై ఆరేళ్ల భయం ఒక్క ముసలాయన చెబితే పోతుందా?

వసుధమ్మ వంటింట్లో కూర్చుని ఉంది. నిద్రపోలేదు. కూతురి మొహం చూడగానే సగం అర్థమైపోయింది, కుర్చీలోంచి లేవబోయింది. శ్రీలలిత ఆమెని భుజం పట్టి కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది.

"జకర్యా గారు నిన్ను అడిగారమ్మా," అంది.

తల్లి రెండు చేతులూ ఒళ్లో, పలక మీద.

శ్రీలలితకి చాలా అడగాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి ఆ ఉద్యోగం చేసే మనిషికి ఏ మాట అలవాటో ఆ మాటే వచ్చింది. ఫోన్ మళ్లీ ఆన్ చేసి, సినిమా ట్రైలర్‌లో ఆ కొత్త గొంతు పలికే ముక్క పెట్టింది. హీరోయిన్ గొంతు గంటలతో, గాలితో వంటిల్లంతా మోగింది.

"ఊరందరి రియాక్షన్ తీసుకున్నా," అంది. "నీదొక్కటే మిగిలింది. చెప్పు."

వసుధమ్మ మొహంలో ఏదో కదిలింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. పిల్లల పరీక్ష కాగితం చేతికొస్తే ఎలా చూసేదో అలా చూసింది ఫోన్‌ని. ఏదో అనబోయి, ఆగి, బలపం తీసుకుంది. రాసి పలక ఇటు తిప్పింది.

"వద్దు. జడుసుకుంటావు."

శ్రీలలిత ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. ఎనిమిది నెలల మౌనం మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. కోపం కాదు, శిక్షా కాదు, ఆ సంతకం సంగతి తల్లి మనసులోనే లేదు. దేవుడు ఉన్న మాటంతా తీసేసుకుని, కూతురు భయపడే ఆ ఒక్క గుసగుసే మిగిల్చాడు. అందుకని ఆ మహాతల్లి దాన్ని కూడా మింగేసి కూర్చుంది.

శ్రీలలిత పలక లాక్కుని, లేచి, ఫ్రిజ్ పైన అందనంత ఎత్తున పెట్టేసింది. ఏడుపు ఆపుకోవాలని కూడా ప్రయత్నించలేదు.

"జడుసుకుంటే జడుసుకుంటాలే," అంది. "నీ పక్కనే పడుకుంటా. చెప్పమ్మా."

వసుధమ్మ ఖాళీ అయిన చేతుల వంక చూసుకుంది. ఊపిరి తీసుకుంది, సగంలో వదిలేసింది, మళ్లీ తీసుకుంది.

"ఆ హీరోయిన్ పిల్ల... ఊపిరి తప్పుచోట తీసుకుంటోందే."

అదే గొంతు. తెల్లటి ట్యూబులైటు కింద, పోపుడబ్బా పక్కన, అచ్చంగా అదే. శ్రీలలితకి అరికాళ్ల నుంచి నడినెత్తి దాకా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. లేచి పారిపోవాలనిపించిన మాట నిజం, దాచడం ఎందుకు? పారిపోలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"ఇంకా?" అంది.

వసుధమ్మ కూతురి కళ్లల్లోకి చూసింది. భయం కనపడింది. అయినా కుర్చీ దగ్గరకే జరగడం కూడా కనపడింది. ఇంక ఆ గొంతు ఆగలేదు.

"వాడు వానలో తడిసి వచ్చి, లోపల ఎవరని అడిగితే... ఒక్క క్షణం ఆగి మొహమైనా చూడకుండా గదమాయిస్తుందేంటి? ఇంటికొచ్చిన మనిషిని అలాగేనా పలకరించేది?"